మా వాగులో ఎదురెక్కిన ఆఖరి రవ్వలు

ఈ ఏడు మృగశిర కార్తె వచ్చిన రోజున, మిరుగం నాడు చేప ముక్క నోట పడకపోతే ఏడాదంతా దగ్గూ ఆయాసమూ వదలవన్న పెద్దల మాటను ఇంకా పట్టుకు వేలాడుతున్న నాబోటి ముసలివాళ్ళం పదిమందిమి బీరంగూడ కమాను దగ్గర చేపలబండి చుట్టూ మూగాము. నీలం డ్రమ్ములో బతికున్న రవ్వ చేపలు ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. వాటిలో ఒకదాని పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉండటం చూసి, నోరు ఊరుకోక, ఇది ఏ వాగులో ఎదురెక్కుతుంటే దొరికిందమ్మా అని అడిగాను. చేపలమ్మే ఆమె నా వైపు చూసి నవ్వింది.

"వాగేంది పెద్దయ్యా, ఇవి ఫారంల పెరిగినయ్. సూదిమందు ఇస్తే గుడ్లు పెడ్తయ్. ఇప్పుడు వానతోని పనే లేదు."

ఆ చేపనే కోయించకుండా ఇంటికి తెచ్చాను. మా ఇంట్లో చేప కోసేది ఇప్పటికీ మా వదినే. డెబ్బై ఏళ్ళు వచ్చినా కత్తిపీట మరొకరి చేతికి ఇవ్వదు. పొట్ట చీల్చగానే లేత పసుపు రంగు గుడ్ల జెన రెండు తిత్తులుగా బయటికి జారింది. వదిన దాన్ని అరచేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ముప్పై ఏళ్ళు దాటిన ఒక సాయంత్రం మా ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొచ్చిందని ఇద్దరికీ తెలుసు. ఆ సాయంత్రం గురించి నేను ఇన్నాళ్ళూ బయట ఎవరికీ చెప్పలేదు. వాగు నీళ్ళు దోసిలితో తాగి పెరిగిన నా ఈడు వాళ్ళు కొందరైనా వింటారన్న ఆశతో ఇప్పుడు చెబుతున్నాను.

మా ఊరు పటాన్‌చెరు నుంచి కర్దనూర్ మీదుగా లోపలికి పోతే వాగు గట్టున ఉంటుంది. వాగు వచ్చి మా ఊరి చెరువులో కలుస్తుంది. ఆ చెరువులో వల వేసుకునే హక్కు మా వాడకట్టుది. నాకు ఊహ తెలియకముందే నాయిన పోతే, నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దవాడైన అన్న వల భుజాన వేసుకుని అమ్మనూ నన్నూ సాకాడు. బడికి పోని మనిషి. కాని చేపల పుట్టుక గురించి ఆయనకు తెలిసినంత నాకు పాఠం చెప్పిన ఏ సారుకూ తెలియదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆయన చెప్పేది ఇదీ. ఎండాకాలమంతా ఆడ రవ్వలు కడుపు నిండా జెన పెట్టుకుని చెరువు నడిమి మడుగులో ఎదురుచూస్తుంటాయి. నీళ్ళు ఎంత వేడెక్కినా, పంచాంగంలో ఏ కార్తె దాటినా గుడ్డు విడవవు. తొలివానకు చేన్ల మట్టి కడుక్కుని పరుగెత్తుకొచ్చే కొత్తనీళ్ళు వాగు నోట్లోంచి చెరువులో పడాలి, ఆ మట్టి వాసన వాటికి తగలాలి, అప్పుడు గాని కదలవు. కదిలాయంటే ఇక ఆగవు. నీళ్ళు ఎంత జోరుగా వస్తే అంత పట్టుదలగా వాగుకు ఎదురెక్కి, గండ్లలోంచి, కయ్యల మీదుగా, మోకాలి లోతు మునిగిన పొలాల్లోకి పోయి, గడ్డిలో లక్షల గుడ్లు చల్లి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాయి. అంత కష్టపడి పొలాల్లోకి ఎందుకు పోవాలి, చెరువులోనే పెట్టొచ్చు గదా అని చిన్నప్పుడు నేను అడిగితే అన్న చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "చెర్ల మింగేటోళ్ళు మస్తు మంది ఉన్నరు. పొలంల నీళ్ళు నిన్న వచ్చినయ్. ఆడ ఇంక దొంగలు పుట్టలే."

కొర్రమట్టది ఇంకో తీరు. అది ఎక్కడికీ పోదు. గట్టు పక్కన తుంగలో గిన్నె లాంటి చోటు చేసుకుని, కొన్ని గుడ్లే పెట్టి, పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి పైకి లేచి గాలి మింగడం నేర్చిన దాకా, ఆ తరువాత కూడా కొన్నాళ్ళు, కిందనే తిరుగుతూ కాపలా కాస్తుంది. ఆ ఎర్రటి గుంపు కింద పెద్ద చేప ఉంటుందని తెలిసి ఈటె విసిరేవాళ్ళు ఊళ్ళో ఉండేవాళ్ళు. అన్న వాళ్ళతో చెయ్యి చేసుకునేంత కొట్లాట పెట్టుకునేవాడు. తల్లీతండ్రీ పోతే ఆ పిల్లలు పొద్దుగూకే దాకా కూడా ఉండవని, ఒక్క ఈటెకు వెయ్యి చావులని అనేవాడు. ఎదురెక్కే చేపలనూ ముట్టనిచ్చేవాడు కాదు. దిగి వచ్చేటప్పుడు పట్టుకోమనేవాడు. మా కూర ఒకరోజు ఆలస్యమైతే ఏమవుతుందని వదిన కూడా ఆయన పక్షమే.

ఎనభైలు సగం గడిచేసరికి వాగు పైభాగాన ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. భూములున్నవాళ్ళు భూములమ్ముకున్నారు. మాకు అమ్ముకోవడానికి చెరువు తప్ప ఏమీ లేదు, అది అమ్మేది కాదు. పదో తరగతి పాసైన నన్ను చూసి అన్న, నీకు వల వద్దు, నెల జీతం చూసుకో అన్నాడు. అలా వాగు ఒడ్డునే ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాను. మూడో ఏట నన్ను వెనక వైపు మురికినీళ్ళ విభాగానికి మార్చారు. అక్కడ ప్రహరీ పక్కన నాలుగు పెద్ద సిమెంటు తొట్లు ఉండేవి. మందులు తీయగా మిగిలిన నీళ్ళు, బెల్లం పాకం రంగులో, ముక్కు పగిలే వాసనతో వాటిలో నిలవ ఉండేవి. ట్యాంకర్లు వచ్చి తీసుకుపోవాలి. అవి వచ్చినన్నాళ్ళు వచ్చేవి, ఎండాకాలంలో రాక తొట్లు అంచుల దాకా నిండేవి.

తొలి పెద్దవాన కురిసిన రోజున, మా సూపర్‌వైజర్, ఎక్కడి నుంచో బతుకుతెరువుకు వచ్చినవాడు, గొడుగు వేసుకుని నా దగ్గరికొచ్చి, అడుగు వాల్వు తిప్పెయ్, వానలో కలిసిపోతుంది, ఎవడికీ తెలీదు అన్నాడు. తిప్పాను. మొదటి ఏడు నాకు నిజంగా ఏమీ తోచలేదు. వారం తరువాత ఇంటికి పోతే చెరువు ఒడ్డున తెల్లగా తేలిన చేపలు చూసి, పైన ఏదో పెద్ద ఫ్యాక్టరీ పని అయ్యుంటుందని, మా నాలుగు తొట్లు ఎంతని నాకు నేనే చెప్పుకున్నాను. రెండో ఏడు తిప్పేటప్పుడు తెలుసు. ఆ వాల్వు ఏ రోజు తిప్పుతున్నానో తెలుసు. ఏడాదిలో మరే రోజు వదిలినా కొన్ని చేపలు చచ్చేవి, ఆ ఒక్క రోజు వదిలితే పుట్టబోయేవన్నీ చచ్చేవి. ఎందుకంటే ఆ వాన కోసమే అవి ఎండాకాలమంతా కడుపు మోస్తూ ఎదురుచూసేవి. తెలిసీ తిప్పాను. మూడో ఏడూ తిప్పాను.

అన్నకు ఎందుకు చెప్పలేదంటే, అప్పటికి ఫ్యాక్టరీ దగ్గర నాదీ ఊళ్ళో అన్నదీ, మా రెండు పొయ్యిలూ నా జీతం మీదే వెలుగుతున్నాయి. అన్న వల వేస్తే చెత్త, నురగ. వదిన కలుపు కూలికి పోయేది. అన్న చచ్చిన చేపలను బకెట్లో వేసుకుని సంగారెడ్డిలో ఆఫీసులు తిరిగేవాడు. ఒకసారి నా సెలవు రోజున బకెట్ రెండో పక్క పట్టుకుని నేనూ వెంట పోయాను. సీసాలో నీళ్ళు పట్టుకొమ్మన్నారు, పట్టి ఇచ్చాము. పొలాల్లో చల్లే ఎరువు వల్ల కావచ్చన్నారు. తిరిగొస్తూ బస్సులో అన్న నన్నడిగాడు, చదువుకున్నోడివి గదా, నీకేమనిపిస్తుంది అని. ఎరువే కావచ్చన్నాను.

ఆ ఏడే ఒక సంగతి చూశాను. తుంగ పక్కన కొర్రమట్ట పిల్లల గుంపు తెల్లబారి నీటి మీద తేలుతోంది. ఒక్కటీ కదలడం లేదు. వాటి కింద పెద్ద చేప ఇంకా చుట్టూ తిరుగుతోంది. మధ్య మధ్య పైకొచ్చి గాలి మింగి మళ్ళీ కిందికి పోయి తిరుగుతోంది. గాలి పీల్చి బతికే జాతి గనుక అది నీళ్ళకు చావలేదు. మరునాడు పోయినా తిరుగుతూనే ఉంది. అన్న గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. నేను నిలబడలేక ఇంటికి వచ్చేశాను.

నాలుగో ఎండాకాలం చెరువు అడుగంటుతుంటే అన్న మడుగులో వల వేసి మిగిలిన పెద్ద రవ్వలను పట్టాడు. పదకొండు దొరికాయి. వాటిని తడి గోనెసంచులు చుట్టిన కుండల్లో వదినా ఆయనా ఒక్కొక్కటిగా మోసుకుపోయి, ఊరి పైన దిబ్బ మీద మొరం తవ్విన గుంతలో వదిలారు. అక్కడికి వాగు నీళ్ళు రావు. వానా, ఊటా నీళ్ళే. చేపలు బతికాయి, పొట్టలు నిండాయి. కాని నిలవ నీళ్ళలో రవ్వ గుడ్డు పెట్టదు. అదను దాటితే ఆ జెన కడుపులోనే కరిగిపోతుంది. ఇవి కూడా పెట్టకపోతే మా చెరువు చేప అన్నదే ఇక ఉండదని అన్నకు దిగులు పట్టుకుంది. తిండి సయించేది కాదు.

రోహిణి కార్తెలో, మబ్బు జాడ లేని ఒక రోజున, అన్న దొంగ వరద తేవాలనుకున్నాడు. గుంతలోకి పడేట్టు ఏటవాలుగా ఇరవై అడుగుల కాలువ తవ్వాడు. పూర్వం పొలాలకు నీళ్ళు ఎత్తిన గూడ ఒకటి ఎవరి అటక మీదో ఉంటే తెచ్చాడు. అటొకరు ఇటొకరు తాళ్ళు పట్టుకుని ఊపుతూ తోడాలి. అన్నా వదినా ఒక జత, వదిన అలిసిపోతే నేను. గుంతలోని నీళ్ళే తోడి కాలువ నెత్తిన పోస్తే అవి జరజరా జారి మళ్ళీ గుంతలోకి. పొద్దున్నే మొదలుపెట్టి అంబటిపొద్దు దాటి, మధ్యాహ్నం దాటి, ఎండ వాలేదాకా తోడాము. వదిన అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. గుడ్డ చుట్టుకుని మళ్ళీ తాడు పట్టింది. చేపలు కాలువ నోటికి వచ్చాయి. ఒక పెద్ద ఆడచేప ఆ పారే నీటికి తల పెట్టి, మొప్పలు ఆడిస్తూ, చాలాసేపు నిలిచింది. మేము ఊపిరి బిగబట్టి తోడుతున్నాము. అది మెల్లగా తిరిగి లోతుకు వెళ్ళిపోయింది.

అన్న గూడ కింద పెట్టేశాడు. "మట్టి వాసన లేదురా. ఇవే నీళ్ళు, ఇవే తిప్పి తిప్పి పోస్తున్నం. గట్ల నమ్మేది మనిషొక్కడే."

అక్కడే, ఆ గుంత ఒడ్డునే, తొలివాన పడగానే వీటిని తీసుకుపోయి వాగు నోట్లో వదులుతాననీ, ఏటా చస్తున్నా ఈసారైనా నాలుగు ఎక్కుతాయేమో చూస్తాననీ అన్నాడు. ఇంక నా వల్ల కాలేదు. తొలివానకు వద్దన్నాను. ఎందుకన్నాడు. ఆ వానకే మా ఫ్యాక్టరీలో వాల్వు తిప్పుతారని చెప్పాను. తిప్పేది నేనేనని కూడా చెప్పాను.

వదిన చేతికున్న గుడ్డ విప్పుకుంటున్నదల్లా ఆగిపోయింది. అన్న నీళ్ళ వైపే చూస్తూ, "ఎన్నేండ్ల సంది?" అన్నాడు.

"మూడేండ్ల సంది."

ఆయన తిడితే బాగుండునని, కొడితే ఇంకా బాగుండునని ఎదురుచూశాను. నా వైపు తిరిగి, "ఈ ఒక్క వానకు తిప్పకురా. ఒక్కదానికి. గవి ఎక్కి దిగినంక నీ ఇష్టం," అన్నాడు. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దవాడు, నన్ను అడుక్కున్నాడు. తిప్పనని మాట ఇచ్చాను.

ఆ వాన పది రోజులకు, మధ్యాహ్నం పూట, భానూర్ వైపు నుంచి నల్లగా లేచి వచ్చింది. నేను డ్యూటీలోనే ఉన్నాను. మబ్బు చూడగానే వాల్వు మీది ఇనుప చక్రం ఊడదీసి సున్నం బస్తాల వెనక దాచేశాను. గొడుగుతో వచ్చిన సూపర్‌వైజర్ చక్రమేదన్నాడు. ఇవ్వనన్నాను. అరవలేదు. తొట్లు పొంగి లోపలి షెడ్డులోకి వస్తే తన ఉద్యోగం పోతుందని, తనకూ ఇద్దరు ఆడపిల్లలున్నారని మెల్లగా చెప్పాడు. నేను కదలకపోయేసరికి ఒడిశా నుంచి వచ్చిన ఫిట్టర్‌ను పిలిపించాడు. అతను వచ్చి, రెంచి వెతికి తెచ్చి, తుప్పు పట్టిన కడ్డీ మీద తంటాలు పడి తిప్పేసరికి గంటసేపు పట్టింది. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో పాపం అతనికి తెలియదు. గొట్టంలో మొదటి గుటక శబ్దం వినగానే నేను గేటు దాటి సైకిలెక్కాను.

వాగు వంకర్లు తిరుగుతూ పోతుంది, బండ్లబాట సూటిగా పోతుంది. నా ఆశంతా ఆ తేడా మీదే. బురదలో రెండుసార్లు పడ్డాను. వాగు పక్కన ఉన్న పల్లపు పొలం దగ్గరికి చేరేసరికి అన్న మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తల మీద వాన కారుతుంటే, పసివాడిలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నాలుగేళ్ళయింది. వాన మొదలవగానే వదినా ఆయనా గుంతలోని చేపలను కుండల్లో మోసుకొచ్చి వాగులో వదిలారు, వదిన గట్టు మీదే ఉంది. "సూడురా, ఎక్కినయ్," అన్నాడు. గట్టుకు పడిన గండిలోంచి రవ్వలు పొలంలోకి దూరుతున్నాయి, వెన్నులు వెండిలా మెరుస్తున్నాయి. నాలుగు మాత్రం గండి దగ్గర ఆగకుండా వాగులోనే పైకి పోయాయట. అంతలో నా మొహం చూశాడు.

"తిప్పిండ్రా?"

"తిప్పిండ్రే. వస్తున్నయ్."

గండి పూడ్చాలి. పూడిస్తే పొలంలో ఉన్నవి వాన నీళ్ళతో బతుకుతాయి. రాళ్ళు వేశాము, తుమ్మకొమ్మలు తొక్కాము, గట్టు మట్టి గోళ్ళతో పీకి వేశాము. వేసినదల్లా వరద లాక్కుపోతోంది. వదిన క్షణం ఆలోచించలేదు. కట్టుకున్న చీర విప్పి, మట్టీ గడ్డీ వేసి మూటలా చుట్టి గండిలో కుక్కింది. దాని మీద అన్న వాగు వైపు దిగి, వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాడు. నేను ఆయన రెండు పక్కలా మట్టి వేస్తూనే ఉన్నాను. అప్పుడు వచ్చాయి ఆ నీళ్ళు. ముందు వాసన, తరువాత నురగ, ఆ వెనక ఎర్రగా. పైకి పోయిన నాలుగు రవ్వలు వెల్లకిలా తిరిగి మా ముందు నుంచే కిందికి కొట్టుకుపోయాయి. అన్న ఛాతీ దాకా ఆ నీళ్ళలోనే ఉన్నాడు. లేవమన్నాను. లేస్తే కట్ట పోతుందన్నాడు.

ఆయన వెనక, పొలంలో, చప్పుడు మొదలైంది. చీలమండ లోతు నీళ్ళలో తోకలు కొట్టుకునే చప్పుడు. జీవితమంతా చూసిన దాన్నే చూడటానికి మెడ తిప్పబోయాడు గాని అందలేదు. "ఏం జేస్తున్నయే?" అని వదినను అడిగాడు.

లంగా జాకెట్టు మీద, వానలో వణుకుతూ నిలబడిన వదిన చూసి చెప్పింది. "రెండు మగయి దాని పొట్టకు తలకాయ వెట్టి నూకుతున్నయ్. పక్కకు ఒరిగింది. ఇగ విడుస్తున్నది. గడ్డంత గుడ్లే." ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఏడుస్తున్నాడో వానో నాకు తెలియలేదు.

చీకటి పడకముందే వరద తీసింది. కట్ట నిలిచింది. తెల్లారి చూస్తే నానిన సగ్గుబియ్యంలాంటి గుడ్లు గడ్డిలో చిక్కుకుని ఉన్నాయి, వాటిలో అప్పటికే సన్నటి దారప్పోగులు కదులుతున్నాయి. గండి పక్కన ఉన్నవి కట్టలోంచి ఊరిన మురికినీళ్ళకు చెడిపోయాయి. తక్కినవి పొదిగాయి. ఐదో రోజున, పొలం ఇంకిపోతుంటే, పంచెగుడ్డతో వడగట్టి రెండు కుండల నిండా పిల్లలను, మిగిలిన ఏడు పెద్దవాటిని మొరం గుంతకు మోసుకుపోయాము.

నా ఉద్యోగం ఆ వారమే పోయింది. అన్న వీపు మీదా కాళ్ళ మీదా చర్మం పుండ్లు పడి నాలుగు నెలలు మానలేదు. చేపలు మాత్రం గుంతలో పెరిగాయి. ఏటా మిరుగానికి వాటి పొట్టలు ఉబ్బేవి, వదలడానికి వాగు లేక మళ్ళీ అణిగిపోయేవి. మూడో ఏడు ఎవరో ఆ దిబ్బ కొని గోదాము కోసం చదును చేయించారు. అన్నకు తెలిసి పరుగెత్తి పోయేసరికి ఇంజను పెట్టి గుంత తోడేశారు. పనివాళ్ళు ఆ చేపలను వండుకుంటున్నారు. ఆయనకూ ఒక విస్తరి వేయబోయారట, ఆకలిగా లేదని వచ్చేశాడు. ఆ తరువాత ఆయన వల ముట్టలేదు. ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుని, రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు, ఊపిరితిత్తులు చెడి పోయాడు. చివరి రోజుల్లో నేను ఆయన కాళ్ళు పట్టుకుని, ఆ మూడేళ్ళ సంగతి ఎత్తబోతే ఆపేశాడు. "నువ్వు చక్రం దాయకపోతే ఆ గంట దొరక్కపోవు," అన్నాడు. అంతే. నేను నా బతుకులో చేసిన మేలు ఒక గంట అని అప్పటి నుంచి లెక్క.

ఇప్పుడు మురికినీళ్ళు గొట్టాల్లో మరెక్కడికో పోతున్నాయంటారు. చెరువులో లారీల్లో తెచ్చిన చేపపిల్లలను ఏటా వదులుతారు, పెరుగుతాయి, పట్టుకుంటారు. వాగు చాలామేరకు సిమెంటు కాలువ అయింది. ఆ పల్లపు పొలంలో ఐదంతస్తుల అపార్టుమెంటు లేచింది. తొలి పెద్దవాన పడిన ప్రతిసారీ దాని సెల్లారులో మోకాలి లోతు నీళ్ళు చేరతాయి. కట్టినవాణ్ణి తిట్టుకుంటూ, కార్లు బయటికి తోసుకుంటూ, మోటార్లు పెట్టి తోడుకుంటారు. వాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు గదా. నీళ్ళు తమ పొలాన్ని ఇంకా మరిచిపోలేదు. ఆ నీళ్ళ వెంట రావలసినవే, రావడానికి మిగల్లేదు.